లైంగిక వేధింపుకు గురైన పురుషుడు: సారంగధర కథ నుంచి సైబరాబాద్ దాకా తెలుగు సమాజ దృక్పథం

వ్యాస సంగ్రహం:
లైంగిక వేధింపుకు గురైన పురుషుణ్ణి తెలుగు సమాజం ఏ దృష్టితో చూస్తున్నదో భాష, సాహిత్యం, చట్టం, పని ప్రదేశం అనే నాలుగు ఆధారాలతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ప్రవరుడు, బృహన్నల, సారంగధరుడు అనే మూడు పాత్రలకు లభించిన ఆదరణను, హైదరాబాదులోని హైటెక్ సిటీ, సైబరాబాద్ ఐటీ ప్రాంతపు నేటి పరిస్థితితో కలిపి చర్చించడం జరిగింది. స్త్రీ ఫిర్యాదును శంకించే భావజాలమే పురుషుడి బాధనూ నవ్వులపాలు చేస్తున్నదని, కనుక ఈ రెండింటినీ ప్రత్యర్థి వాదాలుగా నిలబెట్టడం సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లైంగిక వేధింపు, పురుష బాధితుడు, మానం, సారంగధర, మనుచరిత్ర, పోష్ చట్టం, సైబరాబాద్, స్త్రీవాద విమర్శ.

1. ఉపోద్ఘాతం:

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తరువాతి పాతికేళ్లలో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలు తెలుగు జిల్లాల యువతీ యువకులకు ప్రధాన ఉపాధి కేంద్రాలయ్యాయి. రాత్రి షిఫ్టులు, కంపెనీ క్యాబులు, హాస్టల్ గదులు, టీమ్ విందులు కలిసి తెలుగువారికి అంతకుముందు పరిచయం లేని పని సంస్కృతిని ఏర్పరచాయి. 2013 అక్టోబరులో ఈ ప్రాంతంలో ఒక యువ ఉద్యోగినిపై జరిగిన అత్యాచారం 'అభయ' ఘటనగా రాష్ట్రాన్ని కుదిపివేసింది. తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం మహిళల భద్రతపై కమిటీని నియమించింది. 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ పని ప్రారంభించాయి. ఈ ఏర్పాట్లు అవసరమైనవి. వేధింపుకు గురయ్యేవారిలో స్త్రీలే అధికులన్నది నిర్వివాదాంశం.

అయితే ఇదే ప్రాంతంలో పై అధికారి నుంచో, సహోద్యోగి నుంచో, గదిలో తోటివాడి నుంచో లైంగిక వేధింపు ఎదురైన యువకుడు దానిని ఏ మాటలతో చెప్పుకోవాలి? చెప్పుకుంటే వినేవారు ఏమంటారు? అతని సంఖ్య ఎంత అన్నది సామాజిక శాస్త్రాల ప్రశ్న. అతనికి మాట ఎందుకు లేకుండా పోయింది అన్నది భాషా సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్న. ఈ వ్యాసం రెండవ ప్రశ్నకే పరిమితం.

2. భాష - బాధితుడికి దొరకని మాట:

తెలుగులో లైంగిక హింసను సూచించే పదాలలో 'మానభంగం' ప్రధానమైనది. ఇందులోని 'మాన' శబ్దం పురుషుడి విషయంలో అభిమానం, ఆత్మగౌరవం అనే అర్థాలనిస్తుంది. దుర్యోధనుణ్ణి 'మానధనుడు' అన్నప్పుడు ఉన్నది ఈ అర్థమే. అదే శబ్దం స్త్రీ విషయంలో శరీర పవిత్రతగా కుదించుకుపోయింది. ఒకే మాట లింగాన్ని బట్టి రెండుగా చీలడం వల్ల ఇద్దరికీ నష్టమే జరిగింది. స్త్రీ ఆత్మగౌరవం శరీరానికి పరిమితమైంది. పురుషుడి శరీరానికి జరిగే అవమానానికి మాటే లేకుండా పోయింది.

'బలాత్కారం', 'అత్యాచారం' అనే పదాలలో వ్యుత్పత్తి రీత్యా లింగసూచన లేదు. మొదటిది బలప్రయోగాన్ని, రెండవది ఆచారాన్ని అతిక్రమించడాన్ని చెబుతుంది. కానీ వ్యవహారంలో ఇవి కూడా స్త్రీ బాధితకే స్థిరపడ్డాయి. 'అత్యాచార బాధితుడు' అనే మాట కనిపిస్తే పాఠకుడు దానిని అచ్చుతప్పుగా భావించే అవకాశం ఎక్కువ. పత్రికాభాషలో వేధించినవాడు 'కీచకుడు', 'పోకిరీ', 'ఆకతాయి'. వీడియో కాల్ ద్వారా నగ్న దృశ్యాలు చిత్రించి డబ్బు గుంజే ముఠాల చేతికి చిక్కిన పురుషుడి వార్తకు మాత్రం 'వలపు వల' అన్నది అలవాటైన శీర్షిక. బెదిరింపు, దోపిడీ ఆ శీర్షికలో కనిపించవు. వలపు ఆశించి వలలో పడ్డ అవివేకి మాత్రమే కనిపిస్తాడు.

సామెతలు ఈ దృక్పథాన్ని మరింత స్పష్టం చేస్తాయి. 'ముల్లు వచ్చి అరటాకు మీద పడ్డా, అరటాకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది అరటాకే' అన్న సామెత స్త్రీకి హెచ్చరికగా వాడుకలో ఉంది. జాగ్రత్త పడవలసిన బాధ్యతను అది స్త్రీపై మోపుతుందని స్త్రీవాద దృష్టితో చూసినప్పుడు తేటతెల్లమవుతుంది. దానికి మరొక పార్శ్వం కూడా ఉంది. ఈ రూపకంలో పురుషుడు ఎప్పుడూ ముల్లే. ముల్లు చిరగదు కనుక అతని గాయానికి ఆ ఊహలో చోటు లేదు.

'నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదు' అన్నది ఇంకొక సామెత. ఇది సాక్ష్యానికి సంబంధించినది. స్త్రీ నవ్వితే ఆమె నడవడిని శంకించాలి. పురుషుడు ఏడిస్తే అతని మాటను శంకించాలి. ఇద్దరి మాటకూ విలువ లేదని ఒకే వాక్యం తీర్పు చెబుతున్నది. ఈ వ్యాస ప్రతిపాదనకు మూలం ఈ సామెతలోనే ఉంది.

3. సాహిత్యం - మూడు పాత్రలు, మూడు తీర్పులు:

3.1 ప్రవరుడు: అల్లసాని పెద్దన మనుచరిత్రలోని వరూధినీ ప్రవరుల ఘట్టం తెలుగు విద్యార్థులందరికీ పరిచితమే. హిమాలయంలో పాదలేపం కరిగి దారి తెలియని ప్రవరుడు ఇంటికి చేరే ఉపాయం చెప్పమని వరూధినిని అడుగుతాడు. ఆమె కోరికను అతడు స్పష్టంగా నిరాకరిస్తాడు. అయినా ఆమె పైబడినప్పుడు మొహం తిప్పుకొని త్రోసివేస్తాడు. ఈ ఘట్టంపై చర్చ చాలావరకు అతని నిష్ఠ గొప్పదా, ఆమె అనురాగం గొప్పదా అన్న తూకంగా సాగుతుంది. తరగతి గదిలో ప్రవరుణ్ణి 'రసికత లేనివాడు' అని పరిహసించడం సాధారణం. పరాయిచోట చిక్కుకుని సహాయం అర్థించినవాడి నిరాకరణను గౌరవించవలసిన అవసరం ఆ తూకంలో కనిపించదు.

ఇదే కథలో తరువాత మాయాప్రవరుడి రూపంలో గంధర్వుడు వరూధినిని వంచిస్తాడు. అక్కడ వంచితురాలు వరూధిని. ఆమె ఎవరికి సమ్మతించానని భావించిందో అతడు ఆ గంధర్వుడు కాడు. ఒకే ప్రబంధంలో పురుషుడి నిరాకరణ పరిహాసానికి, స్త్రీకి జరిగిన వంచన చమత్కారానికి వస్తువులయ్యాయి. రెండు చోట్లా మరుగున పడ్డది సమ్మతి అనే విలువే. శృంగార రసపోషణ దృష్టితో చేసే పఠనానికి ఈ విలువను జోడించడం పెద్దన కవితా ప్రతిభను తగ్గించదు. పాఠ్యబోధనకు లోతునిస్తుంది.

3.2 బృహన్నల: మహాభారత సంప్రదాయంలో ఊర్వశి కోరికను అర్జునుడు మాతృభావంతో తిరస్కరిస్తాడు. ఫలితంగా నపుంసకత్వ శాపం పొందుతాడు. అజ్ఞాతవాసంలో అదే శాపం అతనికి మరుగు కల్పించినందువల్ల కథ దానిని వరంగానే గుర్తుంచుకుంది. నిరాకరించిన పురుషుడికి పడిన శిక్ష పురుషత్వాన్ని కోల్పోవడమే అన్న అంశం మరుగున పడింది. నేడు వేధింపును తిరస్కరించిన యువకుణ్ణి 'నువ్వు మగాడివేనా?' అని అడిగే ప్రశ్నకు పౌరాణిక రూపం ఈ శాపం.

విరాటుడి కొలువులో మరొక అంశం గమనింపదగినది. అక్కడ సైరంధ్రిగా పని చేస్తున్న ద్రౌపదిని కీచకుడు వేధిస్తాడు. ఆమె సభలో మొరపెట్టుకున్నా రాజు న్యాయం చేయలేకపోతాడు. అదే కొలువులో బృహన్నల నాట్యం నేర్పుతూ ఉంటాడు. కీచకుడి పేరు పత్రికాభాషలో వేధింపుకు పర్యాయపదంగా నిలిచింది. బృహన్నల పేరు మాత్రం లోకవ్యవహారంలో ఎగతాళి మాటగా మిగిలింది.

3.3 సారంగధరుడు: ఈ అంశానికి తెలుగు నేలపై అత్యంత సన్నిహితమైన కథ రాజమహేంద్రవరానికి చెందిన సారంగధరుడిది. గౌరన 'నవనాథ చరిత్ర'లో, చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్ర'లో ఇది కనిపిస్తుంది. గురజాడ అప్పారావు దీనిని ఆంగ్ల కావ్యంగా రచించారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' నాటకంగా మలిచారు. 1957లో ఎన్.టి.రామారావు, భానుమతి నటించిన చలనచిత్రం వచ్చింది.

పావురం కోసం సవతితల్లి చిత్రాంగి అంతఃపురానికి వెళ్లిన రాకుమారుణ్ణి ఆమె కోరుతుంది. అతడు నిరాకరిస్తాడు. ఆమె అతనిపై నేరం మోపుతుంది. రాజరాజ నరేంద్రుడు విచారణ లేకుండానే కాళ్లూ చేతులూ నరికించే శిక్ష విధిస్తాడు. చివరకు సిద్ధుడి అనుగ్రహంతో అతనికి అవయవాలు తిరిగి వస్తాయి.

ఈ కథకు సాధారణంగా రెండు సారాంశాలు చెబుతారు. ఒకటి రాకుమారుడి శీలం, రెండవది స్త్రీ కుటిలత్వం. రెండూ అసంపూర్ణమైనవే. అధికారం కథకు కేంద్రం. చిత్రాంగికి అతనిపై ఉన్నది రాణిగా, తల్లి స్థానంలో ఉన్న వ్యక్తిగా వచ్చిన అధికారం. అతని మాటకు విలువ లేకుండా చేసింది రాజు తొందరపాటు. 'వద్దన్నా ఆ అంతఃపురానికి పావురం కోసం ఎందుకు వెళ్లాడు?' అన్న ప్రశ్న కథను విన్నవారందరి నోటా వస్తుంది. స్త్రీని 'ఆ వేళలో అక్కడికి ఎందుకు వెళ్లావు?' అని అడిగే ప్రశ్నకు ఇది భిన్నం కాదు. నిజం తేలడానికి ఏ మానవ వ్యవస్థా తోడ్పడలేదు, దైవం కలగజేసుకోవలసి వచ్చింది.

అదే సమయంలో ఈ కథను పురుష బాధితుడి పక్షాన ఏకైక ఆధారంగా నిలపడం ప్రమాదకరం. స్త్రీ చేసే ఫిర్యాదు అబద్ధమే అన్న అపోహకు ఈ కథ శతాబ్దాలుగా బలం చేకూర్చింది. 1957 చిత్రం చిత్రాంగిని మొదట సారంగధరుడికి ఉద్దేశించిన వధువుగా చూపి, ముసలి రాజుతో జరిగిన ఆమె వివాహంలోని అన్యాయాన్ని కూడా ప్రేక్షకుల ముందు ఉంచింది. సమ్మతి లేని వివాహంలో ఆమె, సమ్మతి లేని కోరికకు అతడు, ఇద్దరూ ఒకే రాజాధికారానికి బలి అయ్యారన్న పఠనానికి ఇక్కడ అవకాశం ఉంది. సారంగధర కథను ఈ దిశగా పునఃపరిశీలించవలసి ఉంది.

4. చట్టం - ఒప్పుకోలు, మినహాయింపు:

1997 నాటి విశాఖ తీర్పు పునాదిగా 2013లో పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం వచ్చింది. వాడుకలో ఇది పోష్ చట్టం. పేరులోనే ఉన్నట్లు ఇందులో ఫిర్యాదు హక్కు స్త్రీకే ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 63, 75 సెక్షన్లు కూడా అత్యాచారం, లైంగిక వేధింపు నేరాలలో బాధితను స్త్రీగానే నిర్వచిస్తాయి. పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను వయోజనుల పరస్పర సమ్మతి విషయంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న కొట్టివేసింది. సమ్మతి లేని చర్యలకు అది వర్తిస్తూనే ఉండేది. కొత్త సంహితలో దానికి సమానమైన సెక్షన్ లేదు. కాబట్టి బలాత్కారానికి గురైన వయోజన పురుషుడు దెబ్బలు, నిర్బంధం, బెదిరింపు వంటి సాధారణ సెక్షన్లనే ఆశ్రయించాలి. జరిగిన దానిలోని లైంగిక స్వభావం నేరం పేరులో కనిపించదు.

ఈ లోపాన్ని గుర్తించినవారు లేకపోలేదు. 2000లో 172వ లా కమిషన్ నివేదిక లింగ తటస్థ నిర్వచనాన్ని సూచించింది. 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ బాధితుల విషయంలో తటస్థతను సిఫారసు చేసింది. ఆ ఫిబ్రవరిలో వచ్చిన ఆర్డినెన్సు నిందితుల విషయంలోనూ తటస్థతను ప్రవేశపెట్టింది. మహిళా సంఘాల ప్రధాన అభ్యంతరం ఈ రెండవ అంశంపైనే. కానీ ఆ తరువాత వచ్చిన చట్టంలో రెండూ కనిపించకుండా పోయాయి.

బాలల విషయంలో పరిస్థితి వేరు. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ప్రచురించిన అధ్యయనం 13 రాష్ట్రాలలో జరిగింది. అందులో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామని 53.22 శాతం బాలలు చెప్పగా, వారిలో 52.94 శాతం బాలురు. 2012 పోక్సో చట్టం బాలబాలికలకు సమాన రక్షణ ఇచ్చింది. అయితే పద్దెనిమిదేళ్లు నిండిన మరునాడే ఆ గుర్తింపు ముగుస్తుంది.

కళాశాల స్థాయిలో మరొక వైచిత్రి ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 ర్యాగింగ్ నిబంధనలు లైంగిక హింసను, వివస్త్రను చేయడాన్ని ర్యాగింగ్ రూపాలుగా పేర్కొన్నాయి. 2015 నిబంధనలు శీర్షికలో మహిళలనే పేర్కొన్నా, కొందరు పురుష విద్యార్థులు, థర్డ్ జెండర్ విద్యార్థులు కూడా వేధింపుకు గురయ్యే అవకాశాన్ని అంగీకరించాయి. ఇంజనీరింగ్ కళాశాలలో బాధితుడిగా గుర్తింపు పొందగల యువకుడు, పట్టా తీసుకుని మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన రోజున ఆ గుర్తింపును కోల్పోతాడు. పైగా హాస్టళ్లలో జరిగే లైంగిక హింస 'ర్యాగింగ్' అన్న పేరుతో నమోదు కావడం వల్ల దాని అసలు స్వభావం మరుగున పడుతుంది. మౌనం అతడు కళాశాలలోనే నేర్చుకుంటాడు.

5. సైబరాబాద్ పని ప్రదేశం - నవ్వు, అనుమానం:

ఐటీ రంగంలో అధికారం చేతికర్ర పట్టుకుని కనిపించదు. ప్రాజెక్టు కేటాయింపు, వార్షిక అప్రైజల్, బెంచ్ మీద ఉంచడం, విదేశీ అవకాశం, రిలీవింగ్ లెటర్ వంటి రూపాల్లో అది పని చేస్తుంది. ఇంటికి నెలనెలా డబ్బు పంపవలసిన మొదటి తరం ఉద్యోగికి ఇవన్నీ బలమైన కట్లే. ఇటువంటి అధికారం ఉన్నవారి నుంచి వేధింపు ఎదురైనప్పుడు అతనికి రెండు రకాల స్పందనలు లభిస్తాయి.

వేధించినది స్త్రీ అయితే స్పందన నవ్వు. 'అదృష్టవంతుడివి' అన్న మాట మిత్రుల నుంచి వస్తుంది. పురుషుడు ఎల్లప్పుడూ కోరికతో ఉంటాడన్న నమ్మకం దీనికి మూలం. శరీరపు అసంకల్పిత ప్రతిస్పందన సమ్మతి కాదన్న ప్రాథమిక సత్యాన్ని ఈ నవ్వు దాటవేస్తుంది. వేధించినది పురుషుడైతే స్పందన అనుమానం. 'నీలో ఏం చూసి అలా చేశాడు?' అని బాధితుడి లైంగికతనే ప్రశ్నిస్తారు. అతడు నిజంగా స్వలింగ ప్రియుడైతే కష్టం రెట్టింపు. ఫిర్యాదు చేయాలంటే ఇంట్లో తెలియని తన జీవితాన్ని బయటపెట్టాల్సి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ నేరం చేసినవారి నుంచి దృష్టి బాధితుడి పురుషత్వం మీదికి మళ్లుతుంది.

వ్యవస్థాపరంగా కూడా తేడా స్పష్టం. పదిమంది లేక అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో పోష్ చట్టం ప్రకారం సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. బయటి సభ్యురాలో సభ్యుడో ఒకరు ఉండాలి. తొంభై రోజులలో విచారణ పూర్తి కావాలి. గోప్యత తప్పనిసరి. విచారణ కాలంలో బదిలీ, సెలవు వంటి మధ్యంతర ఉపశమనం కోరవచ్చు. పురుష ఉద్యోగికి ఈ హామీలేవీ చట్టరీత్యా లేవు. కంపెనీ తన ప్రవర్తనా నియమావళిలో స్త్రీ పురుష భేదం లేకుండా వేధింపును నిషేధించి ఉంటే మానవ వనరుల విభాగానికి ఫిర్యాదు చేసుకోవచ్చు. అటువంటి నియమాన్ని చేర్చుకోవడానికి చట్టం అడ్డు కాదు. కానీ అక్కడ విచారణ తీరు సంస్థ ఇష్టాయిష్టాలపై ఆధారపడుతుంది.

డిజిటల్ వేధింపు విషయంలో చట్టం కొంత ముందుంది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఇ సెక్షన్ శరీర గోప్యత హక్కును 'ఏ వ్యక్తికైనా' వర్తింపజేస్తుంది. సైబర్ ఆర్థిక మోసాలకు 1930 నంబరు అందుబాటులో ఉంది. కానీ సెక్షన్ ఉండటం ఒక ఎత్తు, నవ్వకుండా వినే చెవి ఉండటం మరొక ఎత్తు.

6. స్త్రీవాద విమర్శ చూపే మార్గం:

పురుష బాధితుడి ప్రస్తావన నేడు తరచుగా స్త్రీల చట్టాలకు ప్రతివాదంగా వినిపిస్తున్నది. 'మగవాళ్లకూ జరుగుతుంది' అనే వాక్యాన్ని స్త్రీ మాట్లాడుతున్నప్పుడు అడ్డుకోవడానికి వాడుతున్నారు. స్త్రీ నోరు మూయించాక ఆ వాక్యం పని ముగుస్తుంది. బాధితుడైన పురుషుడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మరొక వైపు, ఈ చర్చ మొదలుపెడితే స్త్రీలు పోరాడి సాధించుకున్న రక్షణలు పలుచనవుతాయన్న ఆందోళన ఉంది. చరిత్ర దృష్ట్యా ఆ ఆందోళన సహేతుకమైనదే.

ఈ చిక్కుముడిని విప్పే సాధనం తెలుగు స్త్రీవాద సాహిత్యంలోనే ఉంది. 1993లో వెలువడిన 'నీలిమేఘాలు' సంకలనం స్త్రీ శరీరాన్ని పరువు భాష నుంచి విడదీసి అనుభవ భాషలోకి తెచ్చింది. ఓల్గా 'విముక్త' కథలలో అహల్య తాను తప్పు చేశానా లేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం కంటే, అలా విచారించే అధికారాన్నే ప్రశ్నిస్తుంది. హింస జరిగితే దోషం హింసించినవారిదే తప్ప గురైనవారి శీలానిది కాదన్నది ఆ సాహిత్యం చేసిన మౌలిక ప్రతిపాదన. శీలం అనే కొలబద్ద తొలగితే స్త్రీ నిందారహితంగా మాట్లాడగలుగుతుంది. పురుషత్వం అనే కొలబద్ద తొలగితే పురుషుడూ మాట్లాడగలుగుతాడు. రెండు కొలబద్దలూ ఒకే పితృస్వామ్య భావన చేసినవి.

ఈ కోణంలో చూసినప్పుడు పురుష బాధితుడి మౌనాన్ని ఛేదించడం స్త్రీవాద విమర్శకు కొనసాగింపే అవుతుంది. బాధితుల నిర్వచనాన్ని విస్తరించడానికి స్త్రీల ప్రత్యేక రక్షణలను తగ్గించవలసిన అవసరం లేదు. 2013లో వర్మ కమిటీ చూపిన దారి ఇదే.

7. ముగింపు:

• తెలుగులో లైంగిక హింసా పదజాలం మానం, శీలం అనే భావనలపై నిర్మితమైంది. అందువల్ల పురుషుడి గాయానికి పేరు లేకుండా పోయింది. సామెతలు, పత్రికాభాష ఈ లోటును స్థిరపరిచాయి.

• ప్రవరుడి నిరాకరణ పరిహాసానికి, అర్జునుడి నిరాకరణ శాపానికి, సారంగధరుడి నిరాకరణ అంగచ్ఛేదానికి దారి తీశాయి. పురుషుడి 'వద్దు' అన్న మాటకు మన సాహిత్య పఠనం తగిన విలువ ఇవ్వలేదు.

• బాలుడిగా, విద్యార్థిగా లభించే గుర్తింపు ఉద్యోగంలో చేరిన పురుషుడికి చట్టంలో లభించడం లేదు. సైబరాబాద్ ఐటీ సంస్థలు తమ నియమావళిలో స్త్రీల హక్కులను యథాతథంగా ఉంచుతూనే ఇతర బాధితులకు కూడా గోప్యత, కాలపరిమితి, బయటి సభ్యుడితో కూడిన విచారణ కల్పించవచ్చు.

• మనుచరిత్ర, సారంగధర కథల బోధనలో సమ్మతి అనే అంశాన్ని చేర్చడం తెలుగు అధ్యాపకుల చేతిలో ఉన్న పని. రేపు మాదాపూర్‌లో పని చేయబోయే విద్యార్థి నేడు ఆ తరగతిలోనే కూర్చుని ఉంటాడు. ప్రవరుణ్ణి చూసి తరగతి నవ్వినప్పుడు అతడు ఒక పాఠం నేర్చుకుంటాడు. ఆ నవ్వును అధ్యాపకుడు ప్రశ్నించినప్పుడు మరొక పాఠం నేర్చుకుంటాడు.

• స్త్రీ నవ్వునూ, పురుషుడి ఏడుపునూ ఒకేసారి అవిశ్వసించిన సామెతను మార్చాలంటే ఇద్దరి మాటనూ వినే సంస్కారం కావాలి. ఒకరిని వినడానికి మరొకరి నోరు నొక్కడం ఆ సామెతనే మరో రూపంలో నిలబెట్టడం అవుతుంది.